పీహెచ్‌డీ పిల్లల వేసవి ఎక్కడ గడవాలి?

గత జనవరిలో గుంటూరులో ఒక మిత్రుని ఇంటికి వెళ్ళాం. జుమా నమాజు తర్వాత భోజనం అక్కడే. ఆయన హైస్కూలు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. పెద్దమ్మాయి హైదరాబాదులో కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తున్నది, మూడో సంవత్సరం. దస్తర్‌ఖాన్ ఎత్తేశాక ఆ అమ్మాయి ఒక కాగితం తెచ్చి తండ్రి ముందు పెట్టింది. నగర శివార్లలోని ఒక మందుల కంపెనీ తన పరిశోధనశాలలో వేసవి మూడు నెలలు పనిచేయడానికి కొద్దిమంది పరిశోధక విద్యార్థులను తీసుకుంటుందట. స్టైపెండ్ ఇస్తారు. జనవరి నెలాఖరుకు దరఖాస్తు చేరాలి.

మాస్టారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి మా వైపు తిరిగారు. "భాయ్, మీరే చెప్పండి. డిగ్రీ అయింది, ఎమ్మెస్సీ అయింది, పీహెచ్‌డీ సగం అయింది. ఇన్ని చదివిన పిల్లకు మళ్ళీ ట్రైనింగ్ ఏమిటి? అది ఐటీఐ పిల్లలకు కదా?" అన్నారు.

"ట్రైనింగ్ కాదు అబ్బా, పని" అంది ఆ అమ్మాయి.

వాళ్ళ అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్నారు. సంబంధాలకు వచ్చేవాళ్ళంతా ఇంకెన్నాళ్ళు ఈ చదువని అడుగుతున్నారని, థీసిస్ త్వరగా ముగించకుండా మధ్యలో ఈ మూడు నెలలు దేనికని ఆమె బాధ. ఇద్దరిదీ పిల్ల మీద ప్రేమే. కానీ ఇద్దరికీ ఒకటే బొమ్మ కళ్ళ ముందుంది: పీహెచ్‌డీ అయ్యాక కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం. ఆ ఉద్యోగానికి కంపెనీలో గడిపే వేసవితో పనేముంది?

ఆ బొమ్మ దగ్గరే మనం కాస్త ఆగి చూడాలి. 2018లో యూజీసీ చేసిన నిబంధనల ప్రకారం విశ్వవిద్యాలయాల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే పీహెచ్‌డీ తప్పనిసరి కావలసింది. అమలును వాయిదా వేస్తూ వచ్చి, చివరకు 2023 జూలైలో ఆ షరతును తీసేశారు. నెట్ గానీ సెట్ గానీ గట్టెక్కితే అర్హత ఉన్నట్టే. అంటే పీహెచ్‌డీ ఉంటే లెక్చరర్ ఉద్యోగం ఖాయమన్న పాత లెక్క కాగితం మీద కూడా సడలిపోయింది. ఖాళీల భర్తీ ఎంత నింపాదిగా సాగుతుందో, ఎందరు డాక్టరేట్లు గెస్టు లెక్చరర్లుగా గంటకింతని తీసుకుంటూ ఏళ్ళు గడుపుతున్నారో మన ఊళ్ళలో అందరికీ తెలిసిందే.

ఇంకో దెబ్బ కూడా తగిలింది. మైనారిటీ వర్గాల పరిశోధక విద్యార్థుల కోసం 2009లో మొదలైన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను 2022-23 నుంచి ఆపివేస్తున్నట్టు కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో లోక్‌సభలో చెప్పింది. ఇతర పథకాలలో ఇవే వర్గాలకు సాయం అందుతోంది గనుక ఇది వాటితో కలిసిపోతోందన్నది అప్పుడు చెప్పిన కారణం. అప్పటికే తీసుకుంటున్నవారికి గడువు దాకా ఇస్తామన్నారు. కొత్తగా చేరే మన పిల్లలు ఇక నెట్‌లో జేఆర్ఎఫ్ తెచ్చుకోవాలి, లేదా సంస్థ ఇచ్చే కొద్దిపాటి డబ్బుతో నెట్టుకురావాలి. జేఆర్ఎఫ్ వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు. రానివారి ఇంట్లో ఐదేళ్ళ పీహెచ్‌డీ అంటే ఐదేళ్ళు ఒక సంపాదన లేనట్టే. అలాంటి ఇంట్లో చదువు చివర ఏముందన్న ప్రశ్నను ఆశ అనుకోకూడదు, అవసరం అనుకోవాలి.

పోస్టాఫీసుకు పొడవాటి దారి

మాస్టారికి ఆ రోజు మేము ఒక కథ చెప్పాం. కల్పన కాదు, జరిగిన సంగతి. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలో 1931లో జేమ్స్ వెస్ట్ అనే నల్లజాతి పిల్లవాడు పుట్టాడు. కనిపించిన ప్రతి యంత్రాన్నీ విప్పి చూసే రకం. ఫిజిక్సు చదువుతానన్నాడు. తండ్రి వద్దన్నాడు. వద్దని ఊరుకోక ముగ్గురు నల్లజాతి పెద్దమనుషుల దగ్గరకు తీసుకెళ్ళి పరిచయం చేశాడు. ముగ్గురూ కెమిస్ట్రీ, ఫిజిక్సులలో డాక్టరేట్లు. ముగ్గురికీ దొరికిన మంచి ఉద్యోగం పోస్టాఫీసులో. నువ్వు పట్టేది పోస్టాఫీసుకు పొడవాటి దారి అని తండ్రి హెచ్చరించాడు. డాక్టరో, వకీలో, టీచరో అయితే అన్నం దొరుకుతుందని ఆయన నమ్మకం. ఆ కాలంలో, ఆ వర్గానికి, ఆ తండ్రి చెప్పింది అబద్ధమేమీ కాదు.

కొడుకు ఫిజిక్సే చదివాడు. చదువుతుండగానే వేసవుల్లో న్యూజెర్సీలోని బెల్ లాబ్స్‌లో పనికి కుదిరాడు. 1947లో ట్రాన్సిస్టర్ పుట్టింది అక్కడే. టెలిఫోను కంపెనీవారి ఆ పరిశోధనశాలకు ప్రపంచంలోనే పేరుండేది. కుర్రవాడికి అప్పగించింది చిన్న పని: వినికిడి పరీక్షలకు వాడే హెడ్‌ఫోన్లలో శబ్దం పెరిగేలా చేయాలి. వాటికి పెద్ద బ్యాటరీ కావాలి. కొన్నాళ్ళకు శబ్దం పడిపోతుంది. ఎందుకని తవ్వుతూ పోతే, బ్యాటరీ తీసేసినా ఆ పలుచని పొర పనిచేస్తూనే ఉందని తేలింది. విద్యుదావేశం పొరలోనే చిక్కుకుని నిలిచిపోతోందన్నమాట. ఆ దారినే వెళ్ళి 1962లో గెర్‌హార్డ్ సెస్లర్ అనే సహచరునితో కలిసి ఎలెక్ట్రెట్ మైక్రోఫోన్ తయారుచేశాడు. తర్వాత కొన్ని దశాబ్దాల పాటు టెలిఫోన్లలో, టేప్‌రికార్డర్లలో, చెవిటి మిషన్లలో వాడిన మైకుల్లో అత్యధిక భాగం ఆ జాతివే. మన ఇళ్ళలో క్యాసెట్లు రికార్డు చేసుకున్న టేప్‌రికార్డరు పక్కన ఉండే చిన్న రంధ్రంలోనూ అదే.

మేము చెప్పదలచింది ఇంతకంటే ఆ తర్వాతి సంగతి. వెస్ట్ 1957లో అక్కడే ఉద్యోగంలో చేరాడు. పై అంతస్తుల్లో తనలాంటివారు ఎందుకు లేరని అడగడం మొదలుపెట్టాడు. 1970లో నల్లజాతి ఉద్యోగులు ఒక సంఘం పెట్టుకున్నారు. వారి ఒత్తిడితో, కంపెనీ చొరవతో రెండు పథకాలు వచ్చాయి. ఒకటి వేసవి పరిశోధన పథకం. రెండోది 1972లో మొదలైన ఫెలోషిప్, డాక్టరేట్ చేసే మైనారిటీ విద్యార్థులకు. ఫీజు, స్టైపెండ్ మాత్రమే కాదు, లాబ్‌లో పనిచేసే ఒక శాస్త్రవేత్తను ఆ విద్యార్థికి తోడుగా నియమించేవారు. వేసవి వచ్చిందంటే విద్యార్థి విశ్వవిద్యాలయం వదిలి ఆయన దగ్గర పనిచేయాలి. ఈ రెండు పథకాల వల్ల 500 మందికి పైగా విద్యార్థులు లాభపడ్డారు. విలియం మాసీ అనే యువకుడు 1977లో ఆ ఫెలోషిప్ తీసుకుని, 1981లో స్టాన్‌ఫర్డ్‌లో గణితంలో డాక్టరేట్ ముగించి, తిన్నగా బెల్ లాబ్స్‌లోనే చేరాడు. టెలిఫోను కాల్స్ బారులు తీరితే ఎంతసేపు ఆగవలసి వస్తుందన్న లెక్క ఆయన గణితం. ఇరవై ఏళ్ళు అక్కడ గడిపి 2001లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యాడు.

అంటే కంపెనీకి వెళ్ళిన దారి మళ్ళీ క్లాసు గదికే చేర్చింది. వేసవి బయట గడిపితే టీచరు ఉద్యోగం చేజారుతుందనుకునేవారు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు.

మాస్టారు కథంతా విని, "ఆ ముగ్గురి సంగతి ఏమైంది?" అన్నారు. పోస్టాఫీసు డాక్టరేట్ల సంగతి! మేము జవాబు చెప్పలేకపోయాం. వాళ్ళ చదువులో లోపం లేదు. చదువుకూ పనికీ మధ్య వాళ్ళను పరిచయం చేసేవారు లేకపోయారు.

మూడు నెలల్లో ఏం జరుగుతుంది?

కంపెనీలో వేసవి అంటే ఫైళ్ళు మోయడం, టీ తేవడం అనుకునేవారు ఇంకా ఉన్నారు. డాక్టరేట్ విద్యార్థుల విషయంలో అది నిజం కాదు. డిగ్రీ పిల్లలకు నేర్పడానికి పిలుస్తారు. వీరిని వీరి దగ్గర ఉన్నదాని కోసం పిలుస్తారు. మంచి ఉదాహరణ ఒకటి ఉంది. టొరంటో విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హింటన్ దగ్గర కొందరు విద్యార్థులు మెదడు నరాల తీరును అనుకరించే లెక్కలతో మాటను గుర్తుపట్టే పద్ధతి తయారుచేస్తున్నారు. 2010 ప్రాంతంలో వారిలో జార్జ్ డాల్, ఈజిప్టు నుంచి వచ్చిన అబ్దుర్రహ్మాన్ ముహమ్మద్ మైక్రోసాఫ్ట్ పరిశోధనశాలకు ఇంటర్న్‌షిప్‌కు వెళ్ళారు. 2011లో నవ్‌దీప్ జైత్లీ గూగుల్‌కు వెళ్ళాడు. ఏళ్ళ తరబడి అదే రంగంలో ఉన్న పెద్దల పద్ధతిని ఈ పిల్లలు తెచ్చిన పద్ధతి దాటిపోయింది. 2012లో ఆండ్రాయిడ్ ఫోన్లలో అది జనం చేతికి వచ్చింది. ఈనాడు మన నానీమా ఫోన్ ముందు మాట్లాడి మనవడి నంబరు వెతికించుకుంటున్నదంటే, ఆ సౌకర్యంలో కొందరు పరిశోధక విద్యార్థుల వేసవి కూడా ఉంది.

విద్యార్థికి ఏం దక్కుతుంది? థీసిస్ పనికి గడువుండదు, ఏడాదికి ఏడాది జరుగుతూ పోతుంది. ఇక్కడ పన్నెండు వారాలు, ఒక సమస్య, చివర అందరి ముందు నిలబడి చెప్పాలి. తన విషయం తెలియనివారికి తన పని అర్థమయ్యేలా చెప్పడం చాలామందికి అక్కడే మొదటిసారి పట్టుబడుతుంది. గైడు కాక మరో పెద్ద మనిషి తన పని చూసినట్టవుతుంది. రేపు సిఫారసు ఉత్తరం రాయగలిగిన రెండో చేయి అది. ఇంకొకటి, మేము ముఖ్యమనుకునేది: ఈ రకం పని తనకు సరిపడదని తెలిసినా లాభమే. మూడు నెలల్లో తెలియడం మంచిదా, ఉద్యోగంలో చేరిన మూడేళ్ళకు తెలియడం మంచిదా?

అయితే కళ్ళు మూసుకుని సంతకం పెట్టకూడదు. కంపెనీ గోడల మధ్య కనుగొన్నది సాధారణంగా కంపెనీ సొత్తు. అక్కడి ఫలితాన్ని థీసిస్‌లో వాడుకోవచ్చా, పత్రికలో అచ్చు వేయవచ్చా, వేయాలంటే ఎవరి అనుమతి కావాలి అన్నవి చేరక ముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి. చేరాక అడిగితే జవాబు ఎప్పుడూ ఒకటే ఉంటుంది.

అమెరికాలో ఉన్నవారికి

మన పిల్లల్లో అమెరికాలో డాక్టరేట్ చేస్తున్నవారికి వేసవి సంగతి వేరే. అక్కడ చాలా విశ్వవిద్యాలయాల్లో అసిస్టెంట్‌షిప్ తొమ్మిది నెలలకే. మే నుంచి ఆగస్టు దాకా గైడు ప్రాజెక్టులో డబ్బుంటే సరి, లేకపోతే అద్దె ఎలా కట్టాలన్నది కూడా ప్రశ్నే. ఇంటర్న్‌షిప్ ఆ గండాన్ని కూడా దాటిస్తుంది.

ఎఫ్-1 వీసా మీద ఉన్నవారు క్యాంపస్ బయట ఇలా పనిచేయాలంటే సీపీటీ అనే అనుమతి కావాలి. మామూలుగా ఒక పూర్తి విద్యా సంవత్సరం చదివాకే అది ఇస్తారు. పని చదువులో భాగమై ఉండాలి. పనిలో చేరే ముందే ఐ-20 పత్రంపై విశ్వవిద్యాలయ అధికారి నమోదు చేయాలి, ఒక్కరోజు ముందు చేరినా తప్పే. పూర్తికాలపు సీపీటీ పన్నెండు నెలలు నిండితే, చదువయ్యాక రావలసిన ఓపీటీ అవకాశం పోతుంది. ఏటా పన్నెండు వారాల చొప్పున మూడు వేసవులు చేసినా ఆ హద్దు దాటదు. అయినా లెక్క రాసి పెట్టుకోవాలి. సైన్సు, ఇంజనీరింగు వారికి ఓపీటీ ఒక ఏడాది, ఆపైన రెండేళ్ళ పొడిగింపు. అంత విలువైనదాన్ని లెక్క తప్పి పోగొట్టుకోకూడదు.

ఈ సీపీటీ పేరుతోనే మన తెలుగువాళ్ళు ఎంత నష్టపోయారో గుర్తుందా? 2019 జనవరిలో మిషిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరు పత్రికలన్నిటికీ ఎక్కింది. క్లాసులు లేవు, టీచర్లు లేరు, ఫీజు కడితే సీపీటీ కాగితం వస్తుంది. చివరకు చూస్తే అది అమెరికా ప్రభుత్వమే పన్నిన వల. పట్టుబడినవారిలో దాదాపు అందరూ భారతీయులు, ఎక్కువమంది తెలుగు పిల్లలు. వారంతా డాక్టరేట్ వారు కారు, నిజమే. కానీ పాఠం అదే: చేరిన మొదటి రోజే పని అనుమతి ఇస్తామనే కాలేజీ ఏదైనా సరే, డబ్బు కట్టే ముందు వందసార్లు ఆలోచించాలి. నిబంధనలు తరచూ మారుతున్నాయి కనుక స్నేహితుని మాట మీద కాక, విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థుల కార్యాలయంలో అడిగి నడుచుకోవాలి.

ఇక్కడ చదివేవారికి

మన దేశంలో పరిశోధక విద్యార్థికి వేసవి సెలవులంటూ ఏమీ ఉండవు. లాబ్ మే నెలలోనూ తెరిచే ఉంటుంది. కాబట్టి మొదటి తలుపు గైడుది. గైడు ఒప్పుకోకపోతే కథ లేదు. చాలామంది గైడులు తమ పని ఆగిపోతుందని జంకుతారు, అందులో తప్పులేదు. మూడో సంవత్సరంలో, కోర్సు పని అయిపోయి, థీసిస్ రాతకు ఇంకా కూర్చోని సమయంలో, ఆర్నెల్ల ముందుగా అడిగితే ఒప్పుకునేవారు ఎక్కువ. వారం ముందు అడిగితే ఎవరు ఒప్పుకుంటారు?

జేఆర్ఎఫ్ వంటి ఫెలోషిప్ తీసుకునేవారు మరో సంగతి చూసుకోవాలి. ఒక చోట ఫెలోషిప్, మరో చోట స్టైపెండ్ రెండూ తీసుకోవడానికి నిబంధనలు అడ్డొస్తాయి. విశ్వవిద్యాలయం నుంచి రాతపూర్వక అనుమతి తీసుకుని, ఆ నెలల ఫెలోషిప్ ఏమవుతుందో తేల్చుకుని వెళ్ళాలి.

హైదరాబాదు చుట్టుపక్కల మందుల పరిశోధనశాలలు, టీకాల కంపెనీలు, బెంగళూరులో కంప్యూటర్ పరిశోధనశాలలు ఉన్నాయి. సైన్సు వారికి దారి దొరుకుతుంది. ఆర్ట్స్ పిల్లల సంగతి? ఉర్దూ, అరబ్బీ, చరిత్రలలో పీహెచ్‌డీ చేసేవారిని కంపెనీలు పిలవవు. అయితే ఉస్మానియా ఆవరణలో 1888లో పుట్టిన దాయిరతుల్ మఆరిఫ్ ఉంది. అరబ్బీ రాతప్రతులను సరిచూసి అచ్చువేయడం దాని పని. తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది, సాలార్‌జంగ్ మ్యూజియంలో రాతప్రతుల విభాగం ఉంది. పిలుపు రాకపోయినా, ఒక ఉత్తరం రాసుకుని, గైడు సంతకంతో వెళ్ళి, రెండు నెలలు జాబితాలు తయారుచేయడంలో సాయపడతామని అడగవచ్చు. డబ్బు రాదేమో. పాత కాగితం చదవడం, భద్రపరచడం చేతికి వస్తుంది. లైబ్రరీలు, మ్యూజియాలు, ప్రచురణ సంస్థలు వెతికే పనితనం అదే.

ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తామని డబ్బడిగే ప్రకటనలు అమీర్‌పేట గోడల మీద కావలసినన్ని. పనిచేసేవాడికి డబ్బు ఇవ్వాలి గాని పనిచేసేవాడు కట్టడమేమిటి? సర్టిఫికెట్టు మాత్రం బంగారు అంచుతో వస్తుంది.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి మామూలు గరిష్ఠ గడువు ఆరేళ్ళు. ఆడవారికి అవసరమైతే మరో రెండేళ్ళ సడలింపు, ప్రసూతికి, బిడ్డ పెంపకానికి 240 రోజుల దాకా సెలవు ఉన్నాయి. నిఖా జరిగితే చదువు ఆగిపోతుందనో, చదువు కోసం నిఖా ఆపాలనో రెంటిలో ఒకటే ఎంచుకోనక్కరలేదు. సంబంధం మాట్లాడేటప్పుడే థీసిస్ గడువు, వేసవి పని సంగతి అబ్బాయి వైపువారితో తేటగా చెప్పుకుంటే తర్వాత గొడవ ఉండదు. ఇది మాస్టారి భార్యకు చెబితే ఆమె ఏమీ అనలేదు. కానీ చాయ్ రెండోసారి వచ్చింది.

ఎప్పుడు మొదలుపెట్టాలి అని చాలామంది అడుగుతారు. వేసవి పనికి వేసవిలో వెతకకూడదు. పెద్ద పరిశోధనశాలలు అక్టోబరు నుంచి ఫిబ్రవరి మధ్యనే మనుషులను ఎంచుకుంటాయి. సెప్టెంబరులోనే రెండు పేజీల జీవితపత్రం సిద్ధం కావాలి. అందులో మార్కుల కంటే చేసిన పని ముందుండాలి. ఏ లాబ్‌లో ఎవరు తన విషయానికి దగ్గరి పని చేస్తున్నారో వారి పేపర్లు చదివి, నేరుగా వారికే నాలుగు వాక్యాల ఉత్తరం రాయాలి. పదిమందికి రాస్తే ఇద్దరు జవాబిస్తారు. ఆ ఇద్దరు చాలు.

గుంటూరు నుంచి వచ్చిన రెండు వారాలకు మాస్టారు ఫోన్ చేశారు. ఇంట్లో మాట్లాడుకున్నారు, వెళ్ళమన్నారు. గైడు కూడా సంతకం పెట్టారు. విశ్వవిద్యాలయ కార్యాలయం నుంచి రావలసిన అనుమతి పత్రం మాత్రం ఒక బల్ల మీద నుంచి మరో బల్ల మీదకు తిరిగి తిరిగి, చివరి తేదీ దాటిన నాలుగో రోజున చేతికి వచ్చింది. కంపెనీ వారు మర్యాదగానే వద్దన్నారు.

"ఈసారి దసరా సెలవుల్లోనే ఆ పత్రం తీసుకుంటానంటోంది" అన్నారు మాస్టారు. "నన్ను కూడా ఆఫీసుకు రమ్మంది. ముప్పై ఏళ్ళు గవర్నమెంటు స్కూల్లో చేశాను గదా, ఫైలు ఎలా కదులుతుందో నాకు తెలుసంట."